చీకటి గది నుంచి డాబా మీదికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పత్రిక వెనుక అట్ట మీద నేను తీసిన ఓరియన్ నీహారిక (ఆకాశంలో వెలిగే వాయువుల మేఘం) ఫొటో అచ్చయింది. ఇరవై తొమ్మిదేళ్లు విశాఖపట్నం జగదాంబ జంక్షన్ దగ్గర స్టూడియో నడిపి కొన్ని వందల పెళ్లిళ్లు తీశాను. ఆల్బం ఎప్పుడిస్తారని ఫోన్లు వచ్చేవి గానీ ఉత్తరాలు ఎన్నడూ రాలేదు. ఈ ఒక్క ఫొటోకు వచ్చాయి. సంపాదకులు అన్నీ ఒక కవరులో పెట్టి, మీరే సమాధానం చెప్పుకోండి అని పంపించారు. పొడవైనవాటిని కుదించాను. "ఏ కెమెరా?" అని ఒక్క ముక్క రాసినవారికి ఇక్కడే చెబుతున్నాను: పెళ్లిళ్లలో వాడి వాడి బొత్తాల మీది గుర్తులు చెరిగిపోయిన పాత డీఎస్‌ఎల్‌ఆర్.

ప్రశ్న: మాది అపార్టుమెంటులో పై అంతస్తు. కొత్త కెమెరా కొని, ముప్పై సెకన్లు షట్టరు తెరిచి ఆకాశాన్ని తీస్తే ఫొటో అంతా పాలిపోయిన బూడిద రంగులో వస్తోంది. చుక్కలు చిన్న గీతల్లా సాగుతున్నాయి. కెమెరాలో లోపమా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సీతమ్మధార

జవాబు: లోపం లేదు. దుకాణానికి వెళ్లి గొడవ పెట్టుకోకండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు.

గీతల సంగతి సులువు. పెళ్లికొడుకును కదలవద్దంటే కాసేపైనా కదలకుండా కూర్చుంటాడు. భూమి కూర్చోదు. 500ను మీ లెన్సు ఫోకల్ లెంగ్తుతో (లెన్సు మీద ఎంఎంలలో రాసి ఉండే సంఖ్య) భాగించండి, అన్ని సెకన్ల దాకా చుక్క చుక్కగానే ఉంటుంది. మీ కెమెరాలో ఉన్నది చిన్న సెన్సరు (వెలుగును పట్టే పలక) అయితే ఫోకల్ లెంగ్తును ముందు ఒకటిన్నరతో హెచ్చించాలి. 18 ఎంఎం లెన్సు 27 అవుతుంది, దానికి 18 సెకన్లు. 50 ఎంఎం అయితే ఆరున్నర. ఇది ఫిల్ము రోజుల లెక్క. ఇప్పటి సెన్సర్లు వెంట్రుకంత గీతను కూడా దాచవు. అందుకని నేను 18 చోట 15, ఆరున్నర చోట 4 పెడతాను. ఫోకస్ విషయంలో లెన్సు మీది అనంతం గుర్తును నమ్మకండి. వెనుక తెర మీద ఒక ప్రకాశమైన చుక్కను పది రెట్లు పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా రింగును చేత్తో తిప్పండి. తర్వాత రింగు కదలకుండా టేపు అంటించండి. నేను తాళిబొట్టు కట్టే క్షణానికి కూడా అంత జాగ్రత్త పడలేదు.

బూడిద రంగు మాత్రం ఊరిది. వీధి దీపాల వెలుగు గాలిలోని తేమను, దుమ్మును తాకి వెనక్కి వస్తోంది, కెమెరా దాన్ని నమ్మకంగా నమోదు చేస్తోంది. పసుపుపచ్చ సోడియం దీపాల కాలంలో ఒక ఉపాయం ఉండేది. ఆ దీపాల వెలుగు ఎక్కువగా పసుపు రంగు చుట్టూ, 589 నానోమీటర్ల (వెలుగు అలల పొడవును కొలిచే ప్రమాణం) పరిసరాల్లో ఉంటుంది. ఆ రంగును ఆపే ఫిల్టరు లెన్సుకు తగిలిస్తే ఆకాశం కొంత నల్లబడేది. తెల్ల ఎల్‌ఈడీ వెలుగు అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటుంది. ఏ రంగని ఆపుతారు? అందుకే ఎవరైనా అలాంటి పాత ఫిల్టరును చవగ్గా ఇస్తామంటే ఆగి ఆలోచించండి.

అసలు మన ఊరి ఆకాశం ఎలా ఉంటుందో నేను చూసింది ఒక్కసారే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కరెంటు పోయింది. అప్పుడు మేం చినవాల్తేరులో ఉండేవాళ్లం. మూడో రాత్రి ఉక్క భరించలేక వీధిలో వాళ్లంతా డాబాల మీదికి చేరారు. పడిపోయిన చెట్ల పచ్చి ఆకుల వాసన, ఎక్కడో ఒక జనరేటరు మోత. మా ఆవిడ చాప మీద వెల్లకిలా పడుకుని, "ఆ మబ్బు చూడండి, గాలి వీస్తున్నా కదలడం లేదేమిటి?" అంది. నైరుతి నుంచి నడినెత్తి మీదుగా ఈశాన్యం దాకా సున్నం చేత్తో పూసినట్టుంది. అది పాలపుంత అని తెలియడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. యాభై దాటిన మనిషిని, వెలుతురు అమ్ముకుని బతికినవాడిని, అప్పటిదాకా దాన్ని చూడలేదు. చంద్రుడు పదిన్నర దాటాక గానీ పైకి రాలేదు. నా కెమెరాలో చార్జింగు లేదు. ఆ రాత్రి ఫొటో నా దగ్గర లేదు.

మీ సీతమ్మధార డాబా మీది నుంచి పాలపుంత రాదు గానీ చంద్రుడు, గ్రహాలు బ్రహ్మాండంగా వస్తాయి. వాటికి వీధి దీపాలు అడ్డం కావు. చంద్రుడికి ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 100, అపర్చరు (లెన్సులో వెలుగు దారి) ఎఫ్ 11, షట్టరు సెకనులో వందో వంతు పెట్టి చూడండి. అయితే పున్నమి నాడు తీయకండి. సప్తమి, అష్టమి చంద్రుడిని తీయండి. ముఖానికి ఎదురుగా ఫ్లాష్ కొడితే పెళ్లికూతురి ముక్కు అణిగిపోయినట్టే, పున్నమి వెలుగులో చంద్రుడి మీది గుంటలన్నీ చదునైపోతాయి. పక్క నుంచి వెలుతురు పడినప్పుడే వాటి అంచులకు నీడలు వస్తాయి.

ప్రశ్న: ముప్పై వేల రూపాయలు దాచాను. ఒక దుకాణంలో 675 రెట్లు పెద్దది చేసి చూపించే టెలిస్కోపు ఉంది. అద్దం 60 మిల్లీమీటర్లు. కొనమంటారా?
— బ్యాంకు ఉద్యోగి, గాజువాక

జవాబు: వద్దు. అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు రెట్ల దాకానే ఏ టెలిస్కోపైనా పనికొచ్చేలా పెద్దది చేసి చూపిస్తుంది. 60కి 120. ఆ పైన కనిపించేది పెద్దదవుతుంది గానీ వివరం పెరగదు. పెళ్లి గ్రూపు ఫొటోలో వెనుక వరుసలో ఉన్న మేనమామ తలను గోడంత చేయమని అడిగేవారు. గోడంత తల వచ్చేది, మేనమామ వచ్చేవాడు కాదు. పెట్టె మీద రెట్ల సంఖ్యను అంత పెద్ద అక్షరాలతో వేసిన టెలిస్కోపుకు కాళ్లు సన్నగా ఉంటాయి, గాలికి వణుకుతాయి. అలాంటిదే నేనూ ఒకటి కొన్నాను. ఇప్పుడు మా మనవడు దాన్ని ఫిరంగిగా ఆడుకుంటున్నాడు. డబ్బు బ్యాంకులోనే ఉంచి (మీకు చెప్పనక్కర్లేదు), ముందు రెండు మూడు అమావాస్యలు ఇతరుల టెలిస్కోపుల్లోంచి చూడండి. కింది జవాబు మీకు కూడా.

ప్రశ్న: నేను హైస్కూలులో సైన్సు చెబుతాను. వయసు 41. ఇలా ఆకాశాన్ని ఫొటోలు తీసే బృందం మన ఊళ్లో ఉందని విన్నాను. వాళ్లంతా ఇంజనీర్లు, ఖరీదైన పరికరాలున్నవాళ్లు అట. నా దగ్గర ఫోను తప్ప ఏమీ లేదు. వెళితే నవ్వుతారేమో. ఎలా చేరాలి?
— ఉపాధ్యాయిని, పెందుర్తి

జవాబు: మేడమ్, నవ్వించడంలో నన్ను మించలేరు. మొదటి రాత్రి నేను చేసిన పని చెబుతాను, మీకు ధైర్యం వస్తుంది.

భీమిలి దారిలో, బీచ్ రోడ్డు దీపాలు పలుచబడిన చోట, ఆరేడుగురు ట్రైపాడ్లు పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. టిక్, టిక్ అని షట్టర్లు. నాకు తోచలేదు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న ఫొటోగ్రాఫర్నని చెప్పుకుని వెళ్లాను కదా, ఏదో ఒకటి చేయాలి. కెమెరా తీసి ఆటో మీద పెట్టి నొక్కాను. చీకటిని చూసి ఫ్లాష్ తనంతట తానే లేచి మెరిసింది. ఆరుగురు ఒక్కసారి "అయ్యో" అన్నారు. ఒకాయన నాలుగు నిమిషాల ఎక్స్‌పోజరులో మూడున్నర నిమిషాలు అయ్యాయట. ఫ్లాష్ అంత దూరం పోయి నక్షత్రాలను తాకదు గానీ ఆయన ఫొటోలో ముందున్న తాటిచెట్టు పట్టపగల్లా వచ్చింది. ఆయన నన్ను ఏమీ అనలేదు. తన సంచిలోంచి నల్లటి ఇన్సులేషన్ టేపు తీసి, నా ఫ్లాష్‌కు నిలువునా ఒకటి, అడ్డంగా ఒకటి అంటించి, "ఇక ఇది లేవదు, రండి, శని గ్రహం చూద్దురు గాని" అన్నారు. ఆ టేపు ఇప్పటికీ ఉంది. బృందం మంచిదో కాదో తెలుసుకోవడానికి నేను చూసేది అదే. కొత్తవాడు తప్పు చేసినప్పుడు ఏం చేస్తారు?

బోర్డు పెట్టిన కార్యాలయం కోసం వెతకకండి. ఇలాంటి బృందాలు మనుషుల చుట్టూ ఉంటాయి: ఒక ఫిజిక్స్ లెక్చరర్, కెమెరాలు బాగుచేసే ఒకతను, షిఫ్టు దిగి నేరుగా వచ్చే కార్మికుడు. మా వాళ్లలో ఇంజనీర్లు ఉన్నమాట నిజమే. వాళ్లకే ఎక్కువసార్లు బ్యాటరీ తేవడం మరచిపోయే అలవాటు. గ్రహణాలప్పుడు జన విజ్ఞాన వేదిక వారు, కాలేజీల ఫిజిక్స్ విభాగాలవారు జనం చూడటానికి టెలిస్కోపులు పెడుతుంటారు. అక్కడికి వెళ్లండి. జనమంతా చూసి వెళ్లిపోయేదాకా ఉండండి. సామాను సర్దేటప్పుడు ఒక ట్రైపాడ్ మీరు పట్టుకోండి. వచ్చే అమావాస్యకు ఎక్కడ కలుస్తారో ఆ మాటల్లోనే తెలుస్తుంది. మన దేశమంతా హాయిగా చూడగల సంపూర్ణ చంద్రగ్రహణం 2028 డిసెంబర్ 31 రాత్రి ఉంది, నడిమి ఘట్టం పదీ ఇరవై ప్రాంతంలో. ఊరంతా కొత్త సంవత్సరం కేకులు కోసే వేళ. అంతదాకా ఆగమని కాదు, ఆ రాత్రికి మీ బడి పిల్లల పక్కన టెలిస్కోపు పెట్టి నిలబడేది మీరు కావచ్చునని చెబుతున్నాను.

వెళ్లేటప్పుడు చీకటి పడకముందే చేరండి. ఆలస్యంగా వచ్చే కారు హెడ్‌లైట్లు అందరి కళ్లనూ పాడుచేస్తాయి. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట పడుతుంది, చెడటానికి ఒక్క ఫోను తెర చాలు. టార్చికి ఎర్ర సెలోఫేన్ కాగితం రెండు మడతలు చుట్టి రబ్బరుబ్యాండు వేయండి. ఎరుపు వెలుగు కంటిని అంతగా చెడగొట్టదు. ఇంకొకరి ట్రైపాడ్ దగ్గర నడిచేటప్పుడు కాళ్లు చూసుకోండి. ఆకుపచ్చ లేజరుతో చుక్కలు చూపించడం ముచ్చటగానే ఉంటుంది గానీ, నేవీ వారి విమానాలు, ప్రయాణికుల విమానాలు తిరిగే ఊరు మనది, పైలట్ కళ్లలో పడితే ప్రమాదం. మా దగ్గర దాన్ని మానేశాం. నేవీ గోడల ప్రాంతాల్లో కెమెరా తీయనే తీయం. ఇంకో సంగతి, ఎవరూ చెప్పనిది: తినడానికి ఏదైనా ఎక్కువగా పట్టుకెళ్లండి. తెల్లవారుజామున రెండు గంటలకు పులిహోర డబ్బా మూత తీసినవారికి బృందంలో సభ్యత్వం అడగాల్సిన పని ఉండదు.

ప్రశ్న: మా అమ్మాయికి పద్దెనిమిదేళ్లు. ఈ ఫొటోల బృందంతో రాత్రంతా అరకు వెళతానంటోంది. వాళ్ల నాన్నగారు ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?
— గృహిణి, అక్కయ్యపాలెం

జవాబు: అమ్మా, మొదటిసారే అరకు నేను కూడా ఒప్పుకోను, కారణం వేరు. 115 కిలోమీటర్ల దారి, అందులో ఘాట్ రోడ్డు. రాత్రంతా మేలుకున్న మనిషి తెల్లవారుజామున ఘాట్ దిగడం నాకు మనుషులకన్నా, అడవికన్నా ఎక్కువ భయం. మా బృందంలో నియమం ఒకటే: అక్కడే పడుకుని, టిఫిను చేసి, ఎండ వచ్చాక బయలుదేరాలి. అడగాల్సినవి సూటిగా అడగండి. ఎవరు బండి నడుపుతారు, ఎక్కడ ఉంటారు, ఇంకా ఆడవాళ్లు ఎవరు వస్తున్నారు, అటవీ ప్రాంతమైతే అనుమతి తీసుకున్నారా. ఈ ప్రశ్నలకు విసుక్కునే బృందంతో పంపకండి.

ముందు భీమిలి వైపు ఒక రాత్రి పంపండి. పదకొండుకు ఇంటికి వచ్చేస్తుంది. ఇంకా మంచిది, మీ ఇద్దరూ కూడా వెళ్లండి. మా ఆవిడ మొదట్లో కాపలాకే వచ్చింది. ఇప్పుడు నాకన్నా ముందు ఫ్లాస్కులో టీ పోసుకుని గుమ్మంలో నిలబడుతుంది. చలికాలం లంబసింగిలో పొగమంచు చూడటానికి జనం తెల్లవారుజామున బారులు తీరతారు కదా, మాకు ఆ మంచే శత్రువు. కాబట్టి కొండల మీదికి వెళ్లినా పని ముగించేది తెల్లవారకముందే. అమ్మాయి ఆ వేళలు చెప్పగలిగితే, చదువుకునే వెళుతోందని వాళ్ల నాన్నగారికి చెప్పండి.

ప్రశ్న: మీ ఓరియన్ ఫొటోలో ఎరుపు, ఊదా రంగులు చూశాను. నేను బైనాక్యులర్‌లో చూస్తే అది బూడిద రంగు మచ్చ. కోపగించుకోకండి, కంప్యూటర్‌లో రంగులు వేశారు కదూ?
— విశ్రాంత గుమాస్తా, మహారాణిపేట

జవాబు: కోపం లేదు. మీరు చూసినదీ నిజమే, నేను తీసినదీ నిజమే. మసక వెలుతురులో మన కంటిలో పనిచేసే కణాలకు రంగు తెలియదు. వెన్నెల్లో ఎర్ర చీర నల్లగా కనిపించడం మీరు గమనించే ఉంటారు. చీర రంగు మారలేదు. కెమెరాకు ఆ బలహీనత లేదు, వచ్చిన వెలుగును నిమిషాల తరబడి పోగుచేసుకుంటుంది. అక్కడ ఉన్నది ఎక్కువగా హైడ్రోజన్. అది వెలిగే ఎరుపు 656 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. నిజానికి మామూలు కెమెరాల్లో సెన్సరు ముందున్న ఫిల్టరు ఆ ఎరుపులో చాలా భాగాన్ని మింగేస్తుంది. నా ఫొటోలో ఉన్న ఎరుపు అసలు కన్నా తక్కువే.

కంప్యూటర్ వాడలేదా అంటే వాడాను. ఏం చేశానో చెబుతాను. కెమెరాను చుక్కల వెంట మెల్లగా తిప్పే ట్రాకర్ మీద పెట్టి, ఒక్కొక్కటి 60 సెకన్ల చొప్పున 120 ఫొటోలు, మొత్తం రెండు గంటలు. ఒక్క ఫొటో చూస్తే ఇసుక చల్లినట్టుంటుంది. ఆ ఇసుక ఒక్కో ఫొటోలో ఒక్కో చోట పడుతుంది. నీహారిక మాత్రం ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది. అన్నింటినీ చుక్కకు చుక్క కలిపి సగటు కడితే ఇసుక పోయి నీహారిక మిగులుతుంది. వంద ఫొటోలు కలిపితే ఇసుక పదో వంతుకు తగ్గుతుంది, వర్గమూలం లెక్క. సిరిల్, డీప్‌స్కైస్టాకర్ అనే ఉచిత ప్రోగ్రాములు ఆ పని చేస్తాయి. లెన్సుకు మూత పెట్టి కూడా ఇరవై ఫొటోలు తీస్తాను. మూత పెట్టి ఫొటో తీయడం చూసి పక్కన నిలబడ్డ జాలరి ఒకతను నన్ను జాలిగా చూశాడు. సెన్సరు వేడికి తనంతట తాను పుట్టించే మచ్చలు వాటిలో దొరుకుతాయి, వాటిని అసలు ఫొటోల్లోంచి తీసివేయాలి.

ఫిల్ము రోజుల్లో ఫొటోలు కడిగే చీకటి గదిలో మేం చేసినదీ ఇంతకన్నా భిన్నం కాదు. ఎన్‌లార్జర్ (నెగెటివును కాగితం మీద పెద్దది చేసి వేసే యంత్రం) వెలుగు కింద రెండు వేళ్లు ఆడిస్తూ పెళ్లికూతురి ముఖం మీద పడే వెలుగును కొంచెం ఆపేవాళ్లం, ముఖం తెల్లబడేది. మామగారి తెల్ల పంచె మీద ఇంకో మూడు సెకన్లు ఎక్కువ పోసేవాళ్లం, మడతలు కనిపించేవి. అది అబద్ధమని ఏ మామగారూ అనలేదు. ఒక చోట తీసిన చంద్రుడిని ఇంకో చోట తీసిన సముద్రం మీద అతికించి "రుషికొండలో తీశాను" అంటారే, అది అబద్ధం. ఆ నీహారిక మనకు సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మీ బైనాక్యులర్‌లో పడిన ఆ బూడిద మచ్చ అంత దూరం నడిచి వచ్చింది. చిన్నచూపు చూడకండి.

ప్రశ్న: పదకొండేళ్లు న్యూజెర్సీలో ఉండి ఈ మధ్యే ఇంటికి వచ్చేశాను. అక్కడ ట్రాకర్ మీద కెమెరా పెట్టి తీసేవాడిని. ఇక్కడ ధ్రువ నక్షత్రం కొండల్లో, మసకలో కలిసిపోతోంది, ట్రాకర్ ఇరుసును దాని వైపు గురిపెట్టడం కుదరడం లేదు. ఉన్నవాటిని అమ్మేయాలా?
— ఎంవీపీ కాలనీ

జవాబు: అమ్మితే నాకు చెప్పండి, నేనే కొంటాను. ధ్రువ నక్షత్రం ఎత్తు ఆ ఊరి అక్షాంశమే. అక్కడ మీకు 40 డిగ్రీలు, ఇక్కడ 17.7. చాచిన చేతి పిడికిలి పది డిగ్రీలనుకుంటే రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ. ఉత్తరాన కొండల వరుస, దాని మీద ఊరి వెలుగు. ధ్రువుడు కనిపించకపోతే పాత పద్ధతిలో వెళ్లండి. దక్షిణాన నడిరేఖ (ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి గీసుకున్న ఊహా రేఖ) దగ్గరున్న ఒక చుక్కను కెమెరాలో పెట్టి అది పైకో కిందికో జారుతుందేమో చూసి ట్రాకర్‌ను కుడి ఎడమలకు సర్దండి. తర్వాత తూర్పున కిందుగా ఉన్న చుక్కతో ఎత్తు సర్దండి. మొదటిసారి గంట పడుతుంది, విసుగు వస్తుంది, తర్వాత పావుగంట. ట్రాకర్ అంత కిందికి వంగినప్పుడు బరువు కడ్డీ ట్రైపాడ్ కాలికి తగలకుండా చూసుకోండి.

ఇంతకీ ఉత్తరం పోయిందని బాధపడుతున్నారు గానీ మీకు దక్షిణం దక్కింది. అగస్త్య నక్షత్రం న్యూజెర్సీలో అసలు ఉదయించదు. ఇక్కడ చలికాలపు రాత్రుల్లో రెండు పిడికిళ్ల ఎత్తున సముద్రం మీద నిలబడుతుంది. ఒమేగా సెంటారీ అనే నక్షత్ర గుచ్ఛం అక్కడ నేలకు రెండున్నర డిగ్రీలు లేస్తుంది, అంటే లేనట్టే. ఇక్కడ 25 డిగ్రీలు. దాదాపు కోటి నక్షత్రాలు ఒక బంతిలా చుట్టుకున్న గుంపు అది. 200 ఎంఎం లెన్సులో, రెండు నిమిషాల ఎక్స్‌పోజరుతో, పంచదార పలుకులు గుప్పెడు పోసినట్టు వస్తుంది. దక్షిణ శిలువ అనే చుక్కల గుంపు మార్చిలో అర్ధరాత్రి దాటాక, మే మొదటి వారంలో రాత్రి తొమ్మిదిన్నరకే నిటారుగా నిలబడుతుంది. పది పదిహేను డిగ్రీలకు మించి లేవదు కాబట్టి దక్షిణాన ఏ అడ్డూ ఉండకూడదు. మంగమారిపేట నుంచి భీమిలి దాకా తీరంలో నిలబడితే సరిగ్గా దక్షిణాన సముద్రమే. లంగరు వేసిన ఓడల దీపాలు ఒకటి రెండు ఫ్రేములోకి వస్తాయి. మొదట్లో తిట్టుకునేవాడిని. ఇప్పుడు అవి లేకుండా ఎవరైనా దక్షిణ శిలువ చూపిస్తే మన ఊరిది కాదని తెలిసిపోతుంది. మే నెల ఉక్కపోతలో సముద్రం మీద మసక ఎక్కువ. మార్చి రాత్రులే మేలు, నిద్ర చెడినా. వచ్చే అమావాస్యకు ఆ ట్రాకర్ తీసుకుని రండి, మా వాళ్లలో ముగ్గురికి దాన్ని చూడటమే పండుగ.

ప్రశ్న: లెన్సుకు ఫంగస్ పట్టకుండా బియ్యం డబ్బాలో పెట్టవచ్చా?
— భీమునిపట్నం

జవాబు: బియ్యపు పిండి లెన్సు రింగుల్లోకి పోతుంది. అన్నం వండుకోండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే పెనం మీద సన్న సెగన వేడి చేసి మళ్లీ వాడవచ్చు. తీరంలో తీసి వచ్చిన రాత్రే, ఎంత నిద్ర వచ్చినా, మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో ట్రైపాడ్ కాళ్లు తుడవండి. మన ఉప్పుగాలికి మరలు బిగుసుకుపోతే ఇక ఊడవు. ఏసీ గదిలోంచి కెమెరాను నేరుగా బయటికి తేకండి, అద్దం చెమర్చుతుంది. సంచిలోనే అరగంట బయట ఉంచి తర్వాత తీయండి. అర్ధరాత్రి దాటాక లెన్సు మీద మంచు పడకుండా నేను పాత ఉన్ని మేజోడు ముందు భాగం కత్తిరించి తొడుగుతాను. ఫొటోకు అందం రాదు గానీ మంచు ఓ గంట ఆలస్యంగా పడుతుంది.

ప్రశ్న: డాబాగార్డెన్స్‌లో ఒకప్పుడు నక్షత్రాలను చూసే కేంద్రం ఉండేదని మా తాతయ్య అంటారు. నిజమేనా? ఇంకో ప్రశ్న. నా దగ్గర ఫోను ఒక్కటే ఉంది. దాంతో ఏమైనా వస్తుందా?
— ఇంటర్ విద్యార్థిని, మధురవాడ

జవాబు: మీ తాతయ్య మాట నిజమే తల్లీ. గోడే వెంకట జగ్గారావు గారు అనే జమీందారు మద్రాసు వేధశాలలో టేలర్ అనే ఖగోళ శాస్త్రవేత్త దగ్గర చదువుకుని వచ్చి, 1840లో డాబాగార్డెన్స్‌లోని తన తోటలో సొంత వేధశాల పెట్టుకున్నారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని ఈ ఊరి నుంచే గమనించి లెక్కలు కట్టారు. నా స్టూడియో అక్కడికి నడిచివెళ్లే దూరం. రోజూ ఆ దారినే సైకిలు మీద వెళ్లి ఫిల్ము రీళ్లు కొనుక్కొచ్చేవాడిని. ఇరవై ఏళ్ల పాటు నాకు ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఫోనుతో వస్తుంది. మీ డాబా మీద ఉత్తరం వైపు కొంచెమైనా తెరిపి ఉంటే ఫోనును ఇటుకల మధ్య కదలకుండా నిలబెట్టు. కెమెరాలో ప్రో అనే పద్ధతి ఉంటుంది. అందులో ఐఎస్‌ఓ 400, ఎక్స్‌పోజరు పది సెకన్లు పెట్టు. చేత్తో నొక్కితే కదులుతుంది కాబట్టి టైమరు పెట్టు. ఒక దాని వెంట ఒకటి, ఆపకుండా, గంటసేపు తియ్యి. చార్జరు తగిలించి ఉంచు. వాటన్నింటినీ కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేరిస్తే చుక్కలు ధ్రువుడి చుట్టూ గుండ్రంగా గీతలు గీసి ఉంటాయి. ధ్రువుడి ఎత్తు తక్కువ కాబట్టి కింది సున్నాలు సగంలోనే కొండ వెనక్కి పోతాయి. చలికాలంలో అయితే కృత్తికలను కూడా ప్రయత్నించు. మా అమ్మమ్మ వాటిని పిల్లలకోడి అనేది. నీకు ఎన్ని పిల్లలు కనిపించాయో ముందు కంటితో లెక్కపెట్టుకుని, తర్వాత ఫొటోలో లెక్కపెట్టు.

వచ్చాక పత్రిక చిరునామాకు పంపించు. వెనుక పెన్సిలుతో ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎన్ని ఫొటోలు కలిపావో రాయి. గీతలు మధ్యలో తెగితే ఎవరో ఫోను చేశారని అర్థం, మళ్లీ తీసేటప్పుడు సిమ్ తీసేయి.